కారు వరదలో మునిగితే ఏం చేయాలి? మునిగిన కారును కొనే ముందు ఎలా గుర్తుపట్టాలి?

వాన గట్టిగా పడిందంటే మరుసటి రోజు పొద్దున్నే మా షెడ్డుకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "అన్నా, రాత్రి సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. ఇప్పుడు దిగిపోయాయి. ఒకసారి స్టార్ట్ చేసి చూడనా?"

వద్దు. దయచేసి చేయొద్దు. తాళం జేబులో పెట్టుకుని ముందు ఇది చదవండి.

రెండో రకం ఫోన్లు 2024లో విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరద తర్వాత మొదలయ్యాయి, ఇప్పటికీ ఆగలేదు. "సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీలో ఒక బండి చూశాం. రేటు మరీ తక్కువ చెబుతున్నారు. వరదలో మునిగిన బండేమోనని టెన్షన్‌గా ఉంది, ఎలా తెలుస్తుంది?" ఈ రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు రాస్తున్నాను. ఎందుకంటే మొదటి ప్రశ్నలో తప్పు జరిగిన బండే కొన్నాళ్లకు రెండో ప్రశ్నగా మన ముందుకొస్తుంది.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట వైపు ఏం జరిగిందో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బుడమేరు నీళ్లు గంటలో వచ్చి గంటలో పోలేదు, చాలా వీధుల్లో రోజుల తరబడి నిలిచాయి. అది మంచినీళ్లు కూడా కాదు, బురద, మురుగు కలిసిన నీళ్లు. గుంటూరు మూడు వంతెనల కింద వాన నీళ్లలో పది నిమిషాలు ఆగిన కారుకూ, సింగ్ నగర్‌లో నాలుగు రోజులు నానిన కారుకూ వైద్యం ఒకటి కాదు. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేవి రెండే: నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి? ఎంతసేపు ఉన్నాయి?

ముందు మీ బండి ఏ మెట్టులో ఉందో చూసుకోండి

నీళ్లు టైరు సగం దాకా వచ్చి, డోరు గుమ్మం దాటి లోపలికి రాకపోతే పెద్ద భయం లేదు. బ్రేకులు, వీల్ బేరింగులు చూపిస్తే చాలు.

కార్పెట్ తడిసి, సీటు కుషన్ పొడిగా ఉంటే బాగుచేయించుకోవచ్చు. అయితే పైపైన ఆరబెట్టి వదిలేయకూడదు. కార్పెట్ కింద వైరింగ్ ఉంటుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ కూడా గేర్ రాడ్ దగ్గర, కింద ఫ్లోర్ మీదే ఉంటుంది.

సీట్లు మునిగితే ఖర్చు పెద్దది. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా బ్యాటరీ వైరు తప్ప ఒక్క నట్టు కూడా విప్పొద్దు.

డ్యాష్‌బోర్డు మునిగితే చాలాసార్లు అది టోటల్ లాస్ బండి, అంటే బాగుచేయించడం దండగ అని ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కేసే బండి. బాగుచేస్తాం అనేవాళ్లు దొరుకుతారు. బండి నడుస్తుంది కూడా. కానీ ఆరు నెలలకో ఏడాదికో ఏదో ఒక రాత్రి హైవే మీద అన్ని లైట్లూ ఆరిపోతే పక్కన కూర్చుని ఉండేది మన పిల్లలు. ఇన్సూరెన్స్ టోటల్ లాస్ ఇస్తానంటే తీసుకోండి. ఇంతకాలం మునిగిన బండ్లు విప్పి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

రబ్బరు గ్లోవ్స్, బూట్లు, టార్చ్, ఫుల్ ఛార్జ్ ఉన్న ఫోన్, పది నంబరు స్పానర్ (చాలా కార్లలో బ్యాటరీ టెర్మినల్‌కు ఇదే సరిపోతుంది), నాలుగైదు పాత తెల్ల గుడ్డలు, రెండు ఇటుకలు, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ. గుడ్డలు తెల్లవే ఎందుకంటే ఆయిల్ రంగు వాటి మీదే తెలుస్తుంది.

మీ కారు మునిగితే

1. ముందు మీ సంగతి చూసుకోండి. సెల్లార్‌లో నీళ్లు ఉండగా దిగొద్దు. కరెంటు మెయిన్ ఆపారని వాచ్‌మన్‌ను అడిగి, నిర్ధారించుకున్నాకే దిగండి. బానెట్ ఎత్తేటప్పుడు, సీటు కింద చెయ్యి పెట్టేటప్పుడు టార్చ్ వేసి చూడండి. వరద నీళ్లలో పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇంజన్ గదిలోకి దూరతాయి. ఎలక్ట్రిక్ కారు, హైబ్రిడ్ కారు అయితే మీరు ఏమీ ముట్టుకోవద్దు. నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు. అలాంటి బండి నీళ్లు దిగిన కొన్ని రోజులకు కూడా మంటలు అంటుకోవచ్చు. కాబట్టి ఇంటికి, మిగతా బండ్లకు దూరంగా పెట్టించి కంపెనీ సర్వీసు వాళ్లనే పిలవండి.

2. కడగకముందే ఫోటోలు తీయండి. బండి మీద, పక్క గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనిపించాలి. నంబరు ప్లేటు, లోపల సీట్లు, కార్పెట్, డ్యాష్‌బోర్డు, డిక్కీ, బానెట్ కింద అన్నీ తీయండి. బండి చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీసుకోండి. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. బురద చూడలేక ముందు పైపు పట్టుకుని కడిగేస్తారు. నాలుగు రోజుల తర్వాత సర్వేయర్ వచ్చి "నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అంటే చూపించడానికి ఏమీ మిగలదు.

3. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. నలుపు రంగు వైరు, మైనస్ గుర్తు ఉన్నది. దాన్ని బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. తడిసిన వైరింగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ కనెక్టర్ల లోపల రాగి పచ్చగా మారుతూ తినేస్తూనే ఉంటుంది. సెంట్రల్ లాక్ పనిచేస్తోందా అని రిమోట్ నొక్కి చూడొద్దు, పవర్ విండో నొక్కొద్దు. పుష్ బటన్ బండి అయితే తాళం ఇంట్లో పెట్టి రండి. పొరపాటున పిల్లలెవరో బటన్ నొక్కినా నష్టమే.

4. సెల్ఫ్ కొట్టొద్దు. తోసి స్టార్ట్ చేయొద్దు. గేర్‌లో వేసి కదిలించొద్దు. వేరొక బండి బ్యాటరీతో జంప్ ఇవ్వొద్దు.

ఈ నాలుగో మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఇంజన్ సిలిండర్‌లోకి గాలి వస్తే పిస్టన్ దాన్ని నొక్కగలదు. నీళ్లు వస్తే నొక్కలేదు, నీరు నొక్కుకుపోయే పదార్థం కాదు. అప్పుడు పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన మిగిలే ఖాళీ మరీ తక్కువ, అందుకని కొంచెం నీళ్లు చాలు. సింగ్ నగర్ నుంచి ఒక మాస్టారు బండి తెచ్చారు. నీళ్లు దిగాక పైకి అంతా బాగానే కనిపించిందట. "ఒక్కసారి సౌండ్ విందామని తిప్పానండీ" అన్నారు. ఠక్కున ఒక శబ్దం, తర్వాత ఏమీ లేదు. ఇంజన్ దించి విప్పితే మూడో సిలిండర్ రాడ్డు విల్లులా వంగి ఉంది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "తిప్పకుండా ఉంటే?" అని అడిగారు. తిప్పకుండా ఉంటే ఆయిల్ మార్చి, ఫిల్టర్లు మార్చి, నీళ్లు తీసేసి పంపేవాడిని. అది వేలల్లో పోయే పని. ఇంజన్ పని లక్షల్లోకి పోయింది. పైగా ఆయన పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేదు. నీళ్లలో నానిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పాడైతే, అది వరద నేరుగా చేసిన నష్టం కాదని మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో తిరస్కరిస్తారు. ఆ డబ్బంతా ఆయనే పెట్టుకోవాల్సి వచ్చింది.

5. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఫోన్ చేసి, యాప్‌లోనో మెయిల్‌లోనో కూడా రాసి పెట్టండి. క్లెయిమ్ నంబరు తీసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ బండికి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే వరద నష్టం వస్తుంది. కానీ మొత్తం వస్తుందనుకోవద్దు. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కింద కోత లేకుండా ఉండే అదనపు కవరు) లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం కోస్తారు. ఇనుప భాగాల మీద బండి వయసును బట్టి కోత ఉంటుంది. గాజుకు కోత లేదు. బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో (బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. బండి మీద లోన్ ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది, మిగిలినదే మీకు.

సర్వేయర్ వచ్చేలోపు నష్టం పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యతే. ఫోటోలు తీశాక డోర్లు తెరవడం, మ్యాట్లు బయట వేయడం, నీళ్లు ఎత్తిపోయడం చేయొచ్చు. భాగాలు విప్పడం, కొత్తవి బిగించడం మాత్రం సర్వేయర్ చూసి రాసుకున్న తర్వాతే. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. అక్కడ తేలకపోతే 155255 నంబరుకు ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం ఉన్న ఐఆర్‌డీఏఐ దగ్గర నమోదు చేయొచ్చు. మన రాష్ట్రానికి, ఇలాంటి తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది.

6. బండిని పైకెక్కించుకునే రికవరీ వ్యాన్ మీదే షెడ్డుకు పంపండి. నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా పోవాలి. తాడు కట్టి లాగితే, తడిసిన గేర్‌బాక్స్‌లో నీళ్లూ ఆయిలూ కలిసి తిరుగుతాయి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ అక్కడికక్కడే పోవచ్చు. వరద తర్వాత రికవరీ వ్యాన్లు దొరకవు, దొరికినా రేటు చుక్కల్లో ఉంటుంది. అయినా రెండు రోజులు ఆగండి గాని తాడు కట్టొద్దు. మీ పాలసీలో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకోండి.

ఆగిన చోట హ్యాండ్ బ్రేక్ వదిలేసి, టైర్ల ముందు వెనక ఇటుకలు పెట్టండి. తడిసిన బ్రేక్ షూలు బిగించి వదిలేస్తే తుప్పు పట్టి డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

7. లోపల అంతా విప్పి ఆరబెట్టించాలి. సీట్లు తీయాలి, కార్పెట్ మొత్తం తీయాలి, కార్పెట్ కింద మందంగా ఉండే ఫోమ్ కూడా తీయాలి. ఎక్కువమంది మోసపోయేది ఈ ఫోమ్ దగ్గరే. పైన చెయ్యి పెడితే కార్పెట్ పొడిగా ఉంటుంది. గట్టిగా నొక్కితే కింద నుంచి నీళ్లు ఊరతాయి. అద్దాలు మూసి ఎండలో పెట్టడం ఇంకో పెద్ద పొరపాటు. మన ఎండకు లోపల ఆవిరి పట్టి, మూడో రోజుకు సీటు బెల్టుల మీద కూడా బూజు వస్తుంది. డోర్లు తీసి నీడలో పెట్టి పెడస్టల్ ఫ్యాన్ పెట్టండి. మురుగు నీళ్లలో నానిన ఫోమ్ అయితే ఆరబెట్టే ప్రయత్నం మాని కొత్తది వేయించండి, ఆ వాసన పోదు.

సీట్లలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది. దాన్ని మీరు పీకొద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్ బ్యాటరీ తీసి కాసేపు ఆగాక తీస్తాడు.

8. ఆయిళ్లు చూడండి. ఆయిల్ గేజ్ పుల్ల తీసి తెల్ల గుడ్డకు తుడవండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. రంగు మామూలుగానే ఉండి మట్టం మాత్రం పై గీత దాటి ఉన్నా అనుమానించండి. బండి కదలకపోతే నీళ్లు అడుగున, ఆయిల్ పైన ఉంటాయి, పుల్లకు మంచి ఆయిలే అంటుతుంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. కాగితం పొడిగా, మడతలు నిటారుగా ఉంటే ఇంజన్‌లోకి నీళ్లు పోలేదని చాలావరకు నమ్మొచ్చు. కాగితం ఉబ్బి అలలు అలలుగా ఉన్నా, డబ్బా అడుగున బురద ఉన్నా సిలిండర్లు చూడకుండా ముందుకు పోవద్దు.

ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ మార్చాలి. బ్రేక్ ఆయిల్ బాగుంది కదా అని వదిలేస్తారు. అది గాలిలో తేమను కూడా పీల్చుకునే రకం. నీళ్లు కలిసిన బ్రేక్ ఆయిల్ వేడెక్కితే ఆవిరి పుట్టి, తొక్కినప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. పెట్రోల్ ట్యాంకులో నీళ్లు చేరితే అడుగున ఉంటాయి, పెట్రోల్ కంటే నీళ్లు బరువు కదా. ట్యాంకు మొత్తం దింపి ఖాళీ చేయించాలి.

9. ఇప్పుడే ఇంజన్ తిప్పాలి, అదీ మెకానిక్ చేత్తోనే. పెట్రోల్ బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు ఇంజెక్టర్లు లేదా గ్లో ప్లగ్గులు తీసేసి, ముందు స్పానర్‌తో చేతితో తిప్పుతారు. నీళ్లు ఉంటే ఆ రంధ్రాల్లోంచి చిమ్ముకుని బయటికి వస్తాయి. పూర్తిగా పోయాక కొంచెం ఆయిల్ వేసి మళ్లీ తిప్పి, ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తారు. కొద్ది నిమిషాలు నడిపి, ఆ కొత్త ఆయిల్‌ను కూడా తీసేసి మళ్లీ కొత్తది పోయాలి. "ఇప్పుడే కదా మార్చాం" అని బాధపడొద్దు. మొదట పోసింది లోపలి తేమను కడిగి తేవడానికే.

10. వైరింగ్ పని తొందరపెట్టి చేయించొద్దు. అసలు ఖర్చు, అసలు నైపుణ్యం రెండూ ఇక్కడే. ప్రతి కనెక్టర్ ఊడదీసి, బురద కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి మళ్లీ బిగించాలి. పైపు ప్రెషర్‌తో కనెక్టర్ల మీద నీళ్లు కొట్టే షెడ్డులో బండి పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు బురద ఇంకా లోపలికి పోతుంది. ఫ్యూజు పోయిందని పెద్ద ఫ్యూజు వేసే వాళ్లకు అసలు ఇవ్వొద్దు, వైరింగే కాలిపోతుంది. వరద తర్వాత ఆటోనగర్‌లో ప్రతి షెడ్డూ నిండిపోతుంది, నాకు తెలుసు. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తాం" అన్న చోటికంటే "రెండు వారాలు పడుతుంది" అన్న చోట పెట్టండి.

11. నాలుగు చక్రాలూ విప్పించి డ్రమ్ముల్లో బురద కడిగించండి, బేరింగులకు గ్రీజు మార్పించండి. స్టార్టర్ మోటారు, డైనమో విప్పి శుభ్రం చేయించండి.

బాగైందో లేదో ఎలా తెలుస్తుంది?

బండి ఇంటికి వచ్చిన రోజు బాగానే ఉంటుంది. వరద దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది, అందుకే మూడు తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి.

వారం తర్వాత ఆయిల్ గేజ్ మళ్లీ చూడండి. టీ రంగు ఛాయ ఉంటే మళ్లీ మార్చాలి. ఏసీ ఆపి, అద్దాలు మూసి, రాత్రంతా ఉంచి పొద్దున్న డోరు తీయగానే వాసన చూడండి. అద్దాలకు లోపలి వైపు ఆవిరి పట్టి ఉంటే ఎక్కడో ఇంకా తడి ఉంది.

నెల తర్వాత డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఒక మూల ఎత్తి, రెండు కనెక్టర్లు ఊడదీసి చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చటి పొడి, తెల్లటి పొడి కనిపిస్తే మిగతావన్నీ మళ్లీ తీయాలి.

మూడు నెలల తర్వాత స్కానర్ పెట్టించి ఎర్రర్ కోడ్లు చూపించండి. హారన్ దానంతట అది మోగడం, వైపర్ మధ్యలో ఆగడం, బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోవడం లాంటివి ఒక్కటి జరిగినా చిన్న విషయమని వదలొద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

ముందు ఒక విషయం తెలుసుకోండి. ఆర్‌సీ మీద ఎక్కడా "వరదలో మునిగింది" అని రాసి ఉండదు. టోటల్ లాస్ అయిన బండ్లను వేలంలో కొని, పాలిష్ చేసి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మేవాళ్లు ఉన్నారు. మునిగిన ఊళ్లోనే అమ్మరు, పక్క జిల్లాకో పక్క రాష్ట్రానికో పంపుతారు. మన బండ్లు అటు పోతాయి. 2015, 2023 డిసెంబర్లలో మునిగిన చెన్నై బండ్లు, 2020 అక్టోబర్‌లో మునిగిన హైదరాబాద్ బండ్లు ఇటు వస్తాయి. ఒకప్పుడు ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని నంబరు చూసి చెప్పేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరు చూసి ఊరు తెలియదు. ఆర్‌సీలో అడ్రస్ చదవాల్సిందే.

పగటి వెలుతురులో వెళ్లండి. టార్చ్, తెల్ల గుడ్డ, చిన్న అద్దం తీసుకెళ్లండి. వాన పడుతున్నప్పుడు, అప్పుడే కడిగిన బండిని చూడొద్దు.

1. డోరు తీయగానే ముక్కు పెట్టండి. బూజు వాసన ఒక గుర్తు. మరీ ఘాటైన సెంటు వాసన కూడా గుర్తే. అద్దాలు మూసి ఏసీ వేసి పది నిమిషాలు లోపలే కూర్చోండి. సెంటు కింద ఉన్నది అప్పుడు బయటికొస్తుంది.

2. సీటు బెల్టు చివరిదాకా లాగండి. అన్నిటికంటే నేను నమ్మే పరీక్ష ఇది. రింగ్ రోడ్డు వైపు ఒక తెల్ల కారు చూడటానికి తెలిసినవాళ్లు నన్ను తీసుకెళ్లారు. సీటు కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, రంగు అద్దంలా ఉంది. ముందు సీటు బెల్టు పట్టుకుని లాగుతూ పోయాను. పైన నల్లగా, శుభ్రంగా ఉంది. లాగగా లాగగా చివర్లో జానెడు మేర గోధుమ రంగులోకి మారింది, మధ్యలో సరిగ్గా గీత గీసినట్టు. ఆ భాగాన్ని వేళ్ల మధ్య రుద్దితే పౌడర్ లాంటి సన్నటి మట్టి అంటింది. బుడమేరు వెనక్కి తగ్గాక ఇళ్లలో గచ్చు మీద మిగిలిన మట్టి అచ్చం అలాగే ఉండేది. బెల్టు చుట్ట డోరు పక్క స్తంభం లోపల, కింద ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ కడగరు. అడిగితే అమ్మేవాళ్లు ఏమీ మాట్లాడలేదు. మేం లేచి వచ్చేశాం. ఒక్క బెల్టు చూసి సరిపెట్టుకోవద్దు, అన్నీ లాగి చూడండి. ఒక పాత బండికి బెల్టులు మాత్రం కొత్తవి ఉన్నా ఎందుకని అడగండి.

3. కిందికి వంగండి. సీటు ముందుకు జరిపి పట్టాలు, బోల్టులు చూడండి. లోపల వాన పడదు కాబట్టి అక్కడ తుప్పు ఉండాల్సిన పని లేదు. బోల్టు తలల మీద స్పానర్ గాట్లు ఉంటే సీట్లు ఎప్పుడో విప్పారు. ఎందుకని అడగండి. పెడళ్ల పైన ఉండే స్ప్రింగులు, బ్రాకెట్లు అద్దం పెట్టి చూడండి.

4. డోరు గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీ పక్కన కార్పెట్ ఎత్తి చెయ్యి దూర్చండి. ఫోమ్ గట్టిపడి పెళుసుగా ఉన్నా, ఇసుక తగిలినా, కార్పెట్ రంగు డిక్కీలో ఒకలా లోపల ఒకలా ఉన్నా అనుమానించాలి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. జాకీ, స్పానర్ కిట్ మీద తుప్పు చూడండి. చాలామంది వ్యాపారులు దీన్ని మర్చిపోతారు.

5. హెడ్‌లైట్, టెయిల్ లైట్ లోపల అడ్డంగా సన్నటి గీత కనిపిస్తే నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. ఒక లైటు కొత్తగా, ఒకటి పాతగా ఉంటే యాక్సిడెంట్ అనుకోవచ్చు. నాలుగూ కొత్తవైతే ఆలోచించండి. బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీసి మూలల్లో మట్టి ఉందేమో చూడండి.

6. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ లైట్లు ముందు వెలగాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు కొన్ని క్షణాలకు ఆరిపోవాలి, ఇంజన్ లైటు స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఎవరో ఆ లైటును పీకేశారన్నమాట. ఎయిర్‌బ్యాగ్ లైటు మరో లైటుతో కలిపి ఆరేలా వైరు కలిపేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే క్షణంలో ఆరితే స్కానర్ పెట్టించండి.

7. కాగితాలు చూడండి. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. 2024కు ముందు పాలసీ, తర్వాత పాలసీ రెండూ అడగండి. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే ఎన్‌సీబీ 20, 25, 35, 45, 50 శాతం అని మెట్టు మెట్టుగా పెరుగుతుంది. అదే యజమాని పేరు మీద 35 శాతం ఉన్నది మరుసటి ఏడాది సున్నా అయిందంటే క్లెయిమ్ తీసుకున్నట్టే, దేనికని అడగండి. అయితే ఎన్‌సీబీ బండిది కాదు, యజమానిది. చేతులు మారితే కొత్త యజమానికి సున్నా నుంచి మొదలవడం మామూలే. ఎన్‌సీబీ ప్రొటెక్షన్ ఉన్న పాలసీలో క్లెయిమ్ తీసుకున్నా తగ్గకపోవచ్చు. అందుకని ఇదొక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో యజమానో, లోన్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటివరకో చూడండి. వరద తర్వాత కొద్ది నెలల్లోనే రెండుసార్లు చేతులు మారిన బండిని నేనైతే వదిలేస్తాను.

8. మీ మెకానిక్‌ను తీసుకెళ్లి లిఫ్ట్ ఎక్కించి కింద చూపించండి. అండర్ కోటింగ్ నల్లగా, కొత్తగా, బురద అంటకుండా మెరుస్తుంటే దాని కింద ఏముందో గీరి చూడమనండి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన మెకానిక్ వద్దు.

ఒక్క గుర్తుతో బండిని తిట్టొద్దు. స్టెప్నీ గుంటలో నీళ్లు డిక్కీ రబ్బరు పాడైనా వస్తాయి. కృష్ణలంకలో ఆరుబయట నిలిపే బండికి బోల్టుల మీద కొంచెం తుప్పు సహజం. రెండు మూడు గుర్తులు ఒకే ఎత్తులో కలిస్తేనే అది నీటి గీత. అంటే బెల్టు మీద గీత, లైటులో గీత, సీటు బోల్టుల తుప్పు ఒక మట్టంలో ఉండాలి.

అన్నీ బాగున్నాయనిపించి డబ్బు ఇచ్చే ముందు, అమ్మకం అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయమనండి: "ఈ వాహనం వరద నీటిలో మునగలేదు, వరద నష్టానికి దీని మీద ఎలాంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ తీసుకోలేదు, ఇది అబద్ధమని తేలితే పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాను." కింద సంతకం, తేదీ, ఛాసిస్ నంబరు ఉండాలి. నిజంగా మునగని బండి అయితే అమ్మేవాళ్లు ఆ వాక్యం రాయడానికి వెనకాడరు. పెన్ను పట్టుకుని "ఇవన్నీ ఎందుకులెండి, నమ్మకం మీద పోదాం" అంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.